ఉప్పు డబ్బాలో పెడితే 88

పోయిన మార్చి పంటకు 200 గుడ్లు వేశాం. పట్టుపురుగుల సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, ఒక పట్టు సీతాకోకచిలుక పెట్టిన గుడ్లన్నీ కలిపి మా లెక్కలో ఒక గుడ్డు. అందులోంచి నాలుగైదు వందల పురుగులొస్తాయి. 100 గుడ్లకు 70, 75 కిలోల గూళ్లు మాకు మామూలు. ఆ పంటలో 52 దగ్గర ఆగిపోయింది. రోగం తగల్లేదు. తోటలో ఆకు కొరత లేదు. గూళ్లు మాత్రం పలచగా, గుప్పిట్లోకి తీసుకుంటే బరువే తెలియకుండా ఉన్నాయి. హిందూపురం మార్కెట్‌లో పక్క రైతు ఒకాయన మా గూళ్లు రెండు తీసి, చెవి దగ్గర పెట్టి ఊపి, ఏమీ అనకుండా మళ్లీ కుప్పలోనే వేశాడు. ఏదో ఒకటి అని ఉన్నా బాగుండేది.

తప్పు ఎక్కడ జరిగిందో తేలడానికి నెల పట్టింది. అది షెడ్డులో తేమ చూసుకోవడానికి నేను కట్టిన ఎలక్ట్రానిక్ బోర్డులోనే ఉంది.

మాది కళ్యాణదుర్గం పక్కన ఒక పల్లె. నేను అనంతపురంలో బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ చదివాను. పెళ్లయి ఇక్కడికొచ్చాక ఆ చదువు ఐదేళ్లపాటు టీవీ రిమోట్లు బాగుచేయడానికే పనికొచ్చింది. తర్వాత షెడ్డుకు ఫాగర్లు, అంటే నీళ్లను సన్నటి తుంపరగా చిమ్మేవి, పెట్టుకున్నాం. వాటిని వేయడానికి, ఆపడానికి రాత్రి మూడింటికి కూడా ఎవరో ఒకరు లేవాల్సి వచ్చేది. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ నేనే. విసిగిపోయి ఒక ఆర్డ్యునో (మనం రాసిన ప్రోగ్రామ్ నడిపే చిన్న బోర్డు), ఒక రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్), ఒక తేమ సెన్సర్ తెప్పించి బోర్డు కట్టాను. అది చూసి చుట్టుపక్కల రైతులు మాకూ కావాలన్నారు. ఇప్పటికి మాదానితో కలిపి 11 షెడ్లలో నా బోర్డులున్నాయి. అందుకే ఇది రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

అనంతపురం జిల్లా వానల సంగతి అందరికీ తెలిసిందే. ఏడాదంతా కలిపినా 550 మిల్లీమీటర్లు, అదీ పడితే. మార్చి వచ్చిందంటే మధ్యాహ్నం గాలిలో తేమ 20, 25 శాతానికి పడిపోతుంది. పురుగుకేమో మూడో దశలో 80, నాలుగో దశలో 75, ఐదో దశలో 70 శాతం కావాలి. నిజానికి తేమ పురుగు కంటే ముందు ఆకుకు కావాలి. పురుగు విడిగా నీళ్లు తాగదు, దాని నీళ్లన్నీ ఆకులోంచే. ఆకు వాడితే మేత తగ్గుతుంది, మేత తగ్గితే పట్టు తగ్గుతుంది. అలాగని ఫాగర్ వదిలేసి నిద్రపోతే, పురుగు ఒంటికి సున్నం పూసినట్టు తెల్లబడి గట్టిపడే రోగం ఒకటి కాచుకుని ఉంటుంది. కాబట్టి తేమ ఎంతుందో తెలియడం మాకు సరదా విషయం కాదు.

మా షెడ్డులో తేమ చూడటానికి రెండు ఉన్నాయి. ఒకటి గోడకు వేలాడే తడి పొడి థర్మామీటరు. రెండు గాజు గొట్టాలు, ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి ఉంటుంది. గుడ్డలోని నీళ్లు ఆరేకొద్దీ ఆ బుడ్డి చల్లబడుతుంది. రెండింటికీ ఎన్ని డిగ్రీల తేడా ఉందో చూసి పట్టికలో వెతికితే తేమ శాతం దొరుకుతుంది. రెండోది నా బోర్డు. అందులో డీహెచ్‌టీ22 సెన్సర్ ఉంటుంది. తెల్లటి చిన్న ప్లాస్టిక్ డబ్బీ, ముందువైపు జల్లెడలా గీతలు, కింద నాలుగు కాళ్లు. నాలుగో దశలో తేమ 72కు దిగితే ఫాగర్ మోటారు తిరగాలి, 78 దాటితే ఆగాలి.

ఆ మార్చిలో రెండూ ఒకే మాట చెప్పాయి. బోర్డు 76 అంటే థర్మామీటరు పట్టికలో 77 వచ్చేది. రెండూ కలిశాయి కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను.

మా అత్త మాత్రం సణుగుతూనే ఉంది. "ఆకు ఏసిన గంటకే వాడిపోతాంది అమ్మీ. మద్యాన్నం కోసిన ఆకు తెస్తాండారు వీళ్లు." సరే అని కోత పొద్దున్నే పెట్టించాం. కోసిన ఆకును తడి గోనెల కింద దాచాం. అయినా వాడింది. అత్త అప్పుడు తోటకు నీళ్లు తక్కువయ్యాయంది, తర్వాత ఎరువు మీదికి పోయింది. ఆమె చూసింది నిజమే, చెప్పిన కారణాలే అన్నీ తప్పు. నా దగ్గరైతే తప్పు కారణం కూడా లేదు, 76 ఉంది.

ఇంకొక గుర్తు కూడా కళ్ల ముందే ఉంది. ఆ పంటలో ఫాగర్ చాలా తక్కువ తిరిగింది. మా ఆయన సంతోషపడ్డాడు. "ఈసారి సిన్‌టెక్స్ రోజుకొకసారి నింపితే సరిపోతాంది, కరెంటు కూడా మిగుల్తాది" అన్నాడు. నేనూ తలూపాను. మార్చి ఎండల్లో ఫాగర్ జనవరి కంటే తక్కువ తిరగడమేంటని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. నీళ్లు మిగులుతున్నాయంటే మా ఊళ్లో ఎవరూ ప్రశ్నలడగరు.

పంట అయిపోయాక షెడ్డు కడిగి, తర్వాతి పంటకు సామాను సర్దుతూ థర్మామీటరు దింపాను. తడిగుడ్డ విప్పబోతే అది గుడ్డలా లేదు. పుల్లలా గట్టిగా ఉంది, గోరుతో గీకితే తెల్లటి పొడి రాలింది. దానికి మేం పోసేది బోరు నీళ్లే. మా బోరు నీళ్లు గిన్నెలో కాచినా అడుగున తెల్లగా మిగులుతాయి. ఆ ఉప్పంతా గుడ్డలో పేరుకుని, నీళ్లు పైకి ఎక్కక, ఆరడం తగ్గిపోయింది. ఆరకపోతే బుడ్డి చల్లబడదు. బుడ్డి చల్లబడకపోతే తేడా తక్కువొస్తుంది. తేడా తక్కువైతే పట్టిక తేమ ఎక్కువని చెబుతుంది. కొత్త గుడ్డ చుట్టి, ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ పోసి పక్కనే నిలబడ్డాను. పది నిమిషాల్లో థర్మామీటరు ప్రకారం 28. అదే గోడకు అడుగు దూరంలో ఉన్న నా బోర్డు 41 చూపిస్తోంది.

ఇప్పుడు ఎవరి మాట నమ్మాలి? దీనికి ఇంట్లోనే తీర్పు చెప్పేది ఒకటుంది. మామూలు ఉప్పు.

మూత బిగుతుగా పట్టే డబ్బాలో ఉప్పు వేసి, కొద్దిగా నీళ్లు కలిపి, తడి ఇసుకలా చేసి మూస్తే, లోపలి గాలి తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. 25 డిగ్రీల దగ్గర లెక్క 75.3. మన ఎండలకు గది 40కి పోయినా అది 75 చుట్టూనే ఉంటుంది, ఒక శాతం కూడా కిందికి జారదు. ఉప్పు పూర్తిగా కరిగిపోకూడదు, అడుగున గింజలు కనబడుతూ ఉండాలి. గాలిలో తేమ తగ్గితే ఉప్పునీళ్లు ఆవిరి వదులుతాయి, పెరిగితే పీల్చుకుంటాయి. ఆ తూకం ఎప్పుడూ ఒకే చోట నిలుస్తుంది. ప్యాకెట్ ఉప్పే వాడాలి, కల్లుప్పు వద్దు. కల్లుప్పులో మెగ్నీషియం లవణాలు కూడా కలిసి ఉంటాయి. వానాకాలంలో జాడీలో కల్లుప్పు నీరు కారేది వాటి పుణ్యమే. అవి ఉంటే 75 కంటే కిందకు పోతుంది.

హార్లిక్స్ సీసా మూతకు చిన్న బొక్క పెట్టి, మూడు వైర్లు దూర్చి, బయటివైపు టేపు చుట్టాను. సెన్సర్ ఉప్పుకు తగలకుండా గాలిలో వేలాడాలి. బొక్క మూయడానికి ఎం-సీల్, ఫెవిక్విక్ లాంటివి వాడొద్దు, ఎందుకో కింద చెబుతాను. సీసాను బియ్యం డబ్బాలో పెట్టి పడుకున్నాను. వేడి మారకుండా ఉండే చోటు మా ఇంట్లో అదొక్కటే. పొద్దున చూస్తే 88. ఒకవేళ సీసాదే తప్పేమోనని, కొని వాడకుండా దాచిన కొత్త సెన్సర్‌ను మరుసటి రాత్రి అందులోనే పెట్టాను. 76.

అంటే నా బోర్డు 13 ఎక్కువ చెబుతోంది. అది 76 అన్నప్పుడు షెడ్డులో ఉన్నది 63, 64. నాలుగో దశ పురుగులు, మార్చి ఎండ, 63. అత్త చెప్పిన ఆకు ఎందుకు వాడిపోయిందో, ఫాగర్ ఎందుకు తక్కువ తిరిగిందో, గూడు ఎందుకు పలచబడిందో అన్నీ ఆ ఒక్క అంకెలో ఉన్నాయి. గోడ మీద గుడ్డ గట్టిపడి అబద్ధం చెప్పింది, డబ్బీలో పొర పాడై అబద్ధం చెప్పింది, ఇద్దరిదీ ఒకే వైపు అబద్ధం. రెండు కొలతలు కలిశాయంటే నిజమేనని కాలేజీలో ఎవరో చెప్పారు. రెండూ ఒకే షెడ్డులో ఒకే బోరు నీళ్లు తాగుతున్నప్పుడు ఆ మాట పనిచేయదని చెప్పలేదు.

ఆ సెన్సర్ పేపర్లు మళ్లీ తీసి చదివాను. అటూఇటూ 2 శాతం తేడా ఉండొచ్చు, ఏడాదికి అర శాతం చొప్పున జరగొచ్చు అని ఉంది. ఏడాదికి అర శాతమైతే 13 తప్పడానికి 26 ఏళ్లు పట్టాలి. మాదానికి 14 నెలలు పట్టింది. కంపెనీ రాసింది అబద్ధం కాదు. వాళ్లు రాసింది శుభ్రమైన గాలిలో బతికే సెన్సర్ గురించి. మా షెడ్డులో గాలి ఎప్పుడు శుభ్రంగా ఉంటుందో చెప్పండి చూద్దాం.

లోపల ఏముంటుందో తెలిస్తే ఇది సులభంగా అర్థమవుతుంది. డీహెచ్‌టీ22 లాంటి వాటిలో తేమ కొలిచేది ఒక చిన్న కెపాసిటర్, అంటే విద్యుత్ చార్జీని దాచుకునే భాగం. రెండు లోహపు పొరల మధ్య సన్నటి పాలిమర్ పొర. పై లోహపు పొరలోంచి ఆవిరి లోపలికి పోగలదు. గాలిలో తేమ పెరిగితే పాలిమర్ కాస్త నీళ్లు పీల్చుకుంటుంది, తగ్గితే వదిలేస్తుంది. చార్జీ దాచుకోవడానికి మధ్య పొర ఎంత సాయపడుతుందో చెప్పే అంకెను డైఎలెక్ట్రిక్ విలువ అంటారు, అది ఆ పాలిమర్‌కు 3, 4 ఉంటే నీళ్లకు 80 దాకా ఉంటుంది. అందుకే రవ్వంత నీళ్లు చేరినా కెపాసిటెన్స్, అంటే చార్జీ దాచుకునే శక్తి, మారుతుంది, చిప్ దాన్ని లెక్కగట్టి శాతం చెబుతుంది. చిక్కెక్కడంటే, తేమ కొలవాలంటే ఆ పొర గాలికి తెరుచుకునే ఉండాలి. వోల్టేజీ కొలిచేదాన్ని డబ్బాలో పెట్టి సీల్ చేయొచ్చు, తేమ కొలిచేదాన్ని చేయలేం. నీళ్ల కోసం తీసిన తలుపులోంచి ఎవరైనా వస్తారు. ఫార్మాలిన్, క్లోరిన్, అమ్మోనియా, పెయింట్ వాసన, జిగురు వాసన, అన్నీ ఆ పొరలోకి దూరగలవు. కొన్ని తిరిగి పోతాయి, కొన్ని అక్కడే కాపురం పెడతాయి. ఎం-సీల్, ఫెవిక్విక్ వద్దన్నది ఇందుకే.

పట్టుపురుగుల షెడ్డులో ఏం చేస్తామో వరుసగా తలచుకోండి. పంటకు ముందు, తర్వాత 2 శాతం బ్లీచింగ్ నీళ్లతో గోడలు, తట్టలు, నేల అంతా కడుగుతాం. కొందరు ఫార్మాలిన్ కొట్టి షెడ్డు మూసేస్తారు, లోపలికి పోతే కళ్లు మండి నీళ్లు కారతాయి. పురుగులు జ్వరం నుంచి లేచిన ప్రతిసారీ, అంటే పొర విడిచిన ప్రతిసారీ, మేత వేసే అరగంట ముందు వాటి మీద ఫార్మాల్డిహైడ్ కలిసిన సున్నం పొడి చల్లుతాం. ఇక పెంటలోంచి అమ్మోనియా ఎటూ ఉంది. రోగం రాకుండా మేం చేసే ప్రతి పనీ ఆ చిన్న పొరకు విషమే. ఇది చాలదన్నట్టు నేనే సెన్సర్‌ను ఫాగర్ నాజిల్‌కు మూడడుగుల దూరంలో బిగించాను, తేమ తొందరగా తెలుస్తుందని. బోరు నీళ్ల తుంపర దాని జల్లెడ మీద పడి, ఆరి, ఉప్పు మిగిల్చింది. ఉప్పు పక్కన గాలిలో తేమ ఎంత ఉంటుందో హార్లిక్స్ సీసా చెప్పనే చెప్పింది. అంటే నా సెన్సర్ షెడ్డు తేమ ఒక్కటే కాదు, తన ఒంటి మీది ఉప్పు తేమ కూడా కలిపి కొలుస్తోంది.

ఇంకో సంగతి కూడా ఉంది, ఇది ఏ విషమూ లేకపోయినా జరుగుతుంది. ఈ రకం సెన్సర్లను 80 శాతం పైన రెండు మూడు రోజులు వరుసగా ఉంచితే కొన్నాళ్లు రెండు మూడు శాతం ఎక్కువ చూపిస్తాయి. మామూలు గాలిలో పెడితే మెల్లగా దారికొస్తాయి. చాకీ సెంటర్లలో, అంటే పిల్ల పురుగులను పెంచే చోట, తేమ 85, 90 పెడతారు కాబట్టి అక్కడి సెన్సర్లకు ఆ మత్తు దిగే తీరికే ఉండదు.

నాకు బాగా నచ్చిన పాత కథ ఒకటి. 1783లో సొస్యూర్ అనే స్విట్జర్లాండ్ పెద్దాయన మనిషి వెంట్రుకతో తేమ కొలిచే పరికరం గురించి రాశాడు. తేమకు వెంట్రుక సాగుతుంది, పొడికి ముడుచుకుంటుంది. 1938లో అమెరికాలో డన్‌మోర్ లిథియం క్లోరైడ్ ఉప్పు పూసిన కరెంటు సెన్సర్ చేశాడు. మనం ఇప్పుడు వాడే పాలిమర్ కెపాసిటర్ రకాన్ని ఫిన్లాండ్‌లోని వైసాలా కంపెనీ 1973లో తెచ్చింది, వాతావరణ బెలూన్లకు కట్టి పైకి వదలడానికి. బెలూన్ రెండు గంటలు ఎగిరి పేలిపోతుంది. అంటే ఈ జాతి సెన్సర్ మొదట పుట్టింది రెండు గంటల బతుకు కోసం. దాన్ని మనం ఫార్మాలిన్ షెడ్డులో వేలాడదీసి, ఏళ్లకేళ్లు సరిగ్గా చెప్పలేదేమని కోప్పడుతున్నాం. తర్వాత వచ్చినవి ఎంతో మెరుగుపడ్డాయనుకోండి, అయినా నాకు ఆ బెలూన్ మాట గుర్తొస్తే మా సెన్సర్ మీద కోపం కొంచెం తగ్గుతుంది.

మా ఇంట్లో 88 తేలాక ఊరికే ఉండబుద్ధి కాలేదు. స్కూటీ మీద ఉప్పు సీసాలు నాలుగు పెట్టుకుని మిగతా 10 షెడ్లూ తిరిగాను. రెండు వారాలు పట్టింది. మాదానితో కలిపి 11లో నాలుగు 5 లోపు తేడాతో ఉన్నాయి. ఐదు 8 నుంచి 14 దాకా ఎక్కువ చూపిస్తున్నాయి. ఒకటి 99.9 దగ్గర అతుక్కుపోయింది. ఒకటి అసలు పలకడం లేదు, కాళ్లు పచ్చగా తుప్పుపట్టి తాకితే ఊడిపోయాయి.

విచిత్రం ఏంటంటే, ఆ పూర్తిగా చచ్చిన రెండింటితో రైతులకు నష్టం జరగలేదు. 99.9 దగ్గర ఆగినప్పుడు ఫాగర్ తిరగలేదు, ఒక పూటలో తెలిసిపోయింది, స్విచ్ వేసి చేత్తో నడుపుకున్నారు. పలకనిది కూడా అంతే. నష్టమంతా ఆ మధ్య ఐదింటితోనే. అవి డిస్‌ప్లేలో చక్కగా వెలుగుతూ, పొద్దున పెరుగుతూ, మధ్యాహ్నం తగ్గుతూ, సెన్సర్‌లాగే ప్రవర్తిస్తాయి. అంకె మాత్రం పది ఎక్కువ.

బాగున్న నాలుగింట్లో ఒకటి అందరికంటే పాతది, దాదాపు మూడేళ్లది. ఆ షెడ్డు చిన్నాయన వరస అయ్యే ఒక పెద్దాయనది. ఉప్పు సీసాలో 77 చూపించింది. ఏం చేశావు చిన్నాయనా అని అడిగాను. "నేనేం జేసినా పాపా, నీళ్లు పడి కరెంటు కొడుతుందేమోనని కడిగే ముందు దాన్ని పీకి ఇంట్లో పెడతా. మళ్ల పురుగు తెచ్చే దినం తగిలిస్తా." మూడేళ్ల ఆయుష్షు ఆ భయం పుణ్యం. నేనేమో చదువుకున్న మనిషిని, ఐదు వోల్టులకు ఏం కాదని తెలుసు, అందుకే మాది ఎప్పుడూ పీకలేదు.

మా ఇంటి హాల్లో 2019లో ప్రయోగానికి తగిలించిన డీహెచ్‌టీ11 ఒకటి ఉంది. 100 రూపాయల నీలం డబ్బీ, కొత్తలోనే అటూఇటూ 5 శాతం. దాన్నీ సీసాలో పెట్టాను. 79. చవక సెన్సర్ హాల్లో అన్నేళ్లుగా కొత్తలాగే ఉంది, దానికంటే మంచి సెన్సర్ షెడ్డులో ఆరు పంటలకు చెడింది. అందుకే ఎవరైనా "ఎన్నేండ్లు వస్తాది పాపా?" అంటే ఇప్పుడు ఏళ్లు చెప్పడం మానేశాను. ఏడాదికి ఎన్ని పంటలు తీస్తారు, ఫార్మాలిన్ కొడతారా, కడిగేటప్పుడు పీకుతారా అని ఎదురు అడుగుతున్నాను.

చెడిన సెన్సర్‌ను బాగుచేసే దారి కూడా పేపర్లలోనే ఉంది. 50, 60 డిగ్రీల వేడిలో, 10 శాతం లోపు తేమలో రెండు గంటలు ఉంచాలి. తర్వాత మామూలు గది వేడిలో 70 శాతం పైన తేమలో ఐదారు గంటలు. మొదటిది చదివి, ఇంట్లో ఓవెన్ ఎక్కడిదని నవ్వుకున్నాను. తర్వాత లెక్కేశాను. ఏప్రిల్ ఆఖర్లో మా ఊళ్లో మధ్యాహ్నం 40 డిగ్రీలు, తేమ 20 శాతం. అదే గాలి 55 డిగ్రీలకు వేడెక్కితే తేమ 9 శాతానికి పడుతుంది. ఓవెన్ అక్కర్లేదు, అనంతపురం చాలు. స్టీలు టిఫిన్ క్యారియర్ గిన్నెలో సెన్సర్, వంటింటి థర్మామీటరు పెట్టి మూతేసి మిద్దె మీద ఉంచాను. ఎండ నేరుగా సెన్సర్‌కు తగలకూడదు, అందుకే మూత. సిమెంటు నేల మీద గిన్నె 20 నిమిషాల్లో 54కు పోయింది. అత్త పైకొచ్చి, "వడియాలు పెట్టినావా?" అని మూత తీసి చూసి, ఏమీ అనకుండా దిగిపోయింది. రాత్రికి ఉప్పు సీసాలో.

పొద్దున 81. ముందు 88 చెప్పింది కాబట్టి సగం దారికొచ్చింది. సంతోషపడి మళ్లీ షెడ్డులో తగిలించాను, బోర్డులో 6 తగ్గించి చూపించేలా రాశాను. ఒక్క పంట. మళ్లీ సీసాలో పెడితే 86. అంటే వండి తీయడం పనిచేస్తుంది, కానీ పొర ఒకసారి పాడైతే రెండోసారి ఇంకా తొందరగా పాడవుతుంది, నాకు అట్లే కనిపించింది. ఇప్పుడా సెన్సర్ స్టోర్ రూమ్‌లో ఉంది. అక్కడ తేమ ఎంతుందో ఎవరికీ అక్కర్లేదు.

ఫాగర్ ఉన్నచోటకు హీటర్ ఉన్న సెన్సర్ తీసుకోమని కొందరంటారు. ఎస్‌హెచ్‌టీ31 అలాంటిదే, నేనూ రెండు తెప్పించాను. మంచి సెన్సర్, కాదనను. లోపల చిన్న హీటర్ ఉంటుంది, నీటి చుక్కలు పట్టినప్పుడు వేడి చేసి ఆరబెట్టుకోవచ్చు. పైన తెల్లటి సన్నటి ఫిల్టర్ ఉన్నవి కూడా దొరుకుతాయి, సున్నం దుమ్మును, తుంపరను ఆపుతుంది. కానీ ఆవిరిని పోనిచ్చే ఫిల్టర్ ఫార్మాలిన్‌ను కూడా పోనిస్తుంది. నా గుర్తు ఒకటే, మన ముక్కుకు ఘాటు తగులుతోందంటే సెన్సర్‌కూ తగులుతోంది. ముక్కు మూసుకునే పని పెట్టుకున్నప్పుడు దాన్ని బయటికి తీసెయ్యాలి. 300 రూపాయల సెన్సర్ అయినా, 3,000 రూపాయలదైనా.

పీకడం సులభంగా ఉండాలని నేను మొదట ఇయర్‌ఫోన్ జాక్ పెట్టాను. మూడు వైర్లే కదా, భలే ఉపాయం అనుకున్నాను. జాక్ దూరేటప్పుడు ఒక క్షణం పక్కపక్క వైర్లు కలుస్తాయని మర్చిపోయాను. కరెంటు ఉండగా తగిలించి ఒక బోర్డు కాల్చాను. ఇప్పుడు మూడు పిన్నుల మర బిగించే కనెక్టర్ పెడుతున్నాను, కొంచెం ఖరీదు, కానీ చిన్నాయన కూడా కళ్లు మూసుకుని తగిలించగలడు. సెన్సర్‌ను నాజిల్‌కు దూరంగా, పురుగుల తట్టల ఎత్తులో, గోడకు జానెడు ఎడంగా వేలాడదీస్తున్నాను. పొడి చల్లే రోజు గంటసేపు తీసి ఇంట్లో పెడతాం, ఆ గంటా ఫాగర్ చేత్తోనే. ప్రతి సెన్సర్ మీద పర్మనెంట్ మార్కర్‌తో పంట లెక్క గీతలు గీస్తున్నాం, జైల్లో రోజులు గీసినట్టు. పంట మొదలుపెట్టే ముందు రాత్రి ఉప్పు సీసా. 5 కంటే ఎక్కువ తప్పితే మార్చడమే. పురుగులకు కావాల్సింది 70, 80 మధ్యలో, ఉప్పు చెప్పేది 75. ఇంత దగ్గర కొలత 10 రూపాయల ప్యాకెట్‌లో దొరకడం మా అదృష్టం.

ఆ సీసా వల్ల ఇంట్లో ఒక గొడవ జరిగింది కూడా. పోయిన నెల రాత్రి కరెంటు పోయినప్పుడు, బియ్యం డబ్బాలో తడి ఉప్పు సీసా చేతికి తగిలి, అత్త అది పాడైన ఉప్పనుకుని సింక్‌లో పారబోసి, కడిగి బోర్లించింది. సెన్సర్‌తో సహా కడిగింది. సర్ఫ్‌తో. ఆరబెట్టి చూశాను, పలకలేదు. ఇప్పుడు సీసా మీద పెద్ద అక్షరాలతో "వంటకు కాదు, కడగొద్దు" అని రాసి ఉంది.

నిన్న గూళ్లు విడిపించడం అయిపోయింది. ఈసారి 100కు 71. రేపు పొద్దున బ్లీచింగ్ కలుపుతారు, పనివాళ్లు ఆరింటికే వస్తామన్నారు. ఇది పోస్ట్ చేసి షెడ్డుకు వెళ్లి రెండు సెన్సర్లూ విప్పుకుని రావాలి. ఎడమవైపుదానికి మార్కర్ గీతలు నాలుగు, కుడివైపుదానికి ఏడు.